ష్వాన్ కాగితం మీద ఆర్కిడ్ వేస్తే అంతా పాకిపోతోంది. తప్పు కాగితానిదా, నాదా?

చిత్తుకాగితం
చైనా ఇంకు చిత్రాల్లో పూలు నేర్చుకుందామని 100 షీట్ల ష్వాన్ కాగితం కట్ట తెప్పించాను. అందరూ ఆర్కిడ్‌తో మొదలెట్టమన్నారు. 40 షీట్లు అయిపోయాయి, ఒక్క పువ్వూ పువ్వులా లేదు. ఆకు మొదట్లో సన్నగానే వస్తుంది, సగం దాటేసరికి పక్కలకి ఊరిపోయి వాచిన ఉల్లికాడ అయిపోతుంది. పువ్వు సంగతి మరీ ఘోరం, అయిదు రేకులూ కలిసిపోయి ఒకటే మరక. ఇదే కుంచె, ఇదే ఇంకుతో మామూలు డ్రాయింగ్ షీట్ మీద గీతలు శుభ్రంగా వస్తున్నాయి. కాబట్టి కాగితమే నాసిరకం అనిపిస్తోంది. వెనక్కి పంపేయనా?

నల్లసిరా
ఆగండాగండి. ఒక మూల నీటిచుక్క వేసి చూడండి. వెంటనే పీల్చుకుని చుట్టూ పాకితే అది పచ్చి ష్వాన్. చుక్క ముత్యంలా పైనే నిలబడితే జిగురూ పటికా పట్టించిన రకం, చైనావాళ్ళు దాన్ని 'వండిన' కాగితం అంటారు. మీది పచ్చిదే అయ్యుంటుంది. అది పాకడం లోపం కాదు, దాని గుణమే అంత.

సగంగీత
పచ్చిది, వండినది. వేపుడు రకం కూడా ఉందా మాస్టారూ?

వెదురుపుల్ల
"మొదట్లో సన్నగా, సగం దాటాక లావుగా" అన్నారు చూశారా, జబ్బేమిటో మీరే చెప్పేశారు. కాగితం తప్పయితే మొదటినుంచే పాకాలి కదా.

కుంచె కడిగాక మనం మొన ఒక్కటే తుడుస్తాం. వెంట్రుకలు కర్రలోకి దిగే చోట, కుదురు దగ్గర, నీళ్ళు అలాగే ఉండిపోతాయి. మొనకున్న ఇంకు గీత సగానికి ఖర్చయిపోతుంది. అప్పుడు పైనున్న నీళ్ళు కిందికి దిగుతాయి. మీ ఉల్లికాడ ఆ నీళ్ళే.

ఇలా చెయ్యండి. కుంచె పూర్తిగా తడిపి, సాసర్ అంచుకి నాలుగు పక్కలా ఒత్తి నీళ్ళు దించండి. తర్వాత మడిచిన పాత నూలుగుడ్డని కుదురు దగ్గర ఆనించి మూడు లెక్కపెట్టండి. మొనకి తగలనివ్వొద్దు. అప్పుడు మధ్యరకం ఇంకు సగం వెంట్రుకల దాకా పట్టించి, చిక్కటి ఇంకు మొనకి మాత్రం, మూడోవంతు దాకా ముంచండి. పళ్ళెం మీద రెండుమూడుసార్లు అటూ ఇటూ దువ్వితే ఆ రెండూ కలిసే చోట గీత తెలియకుండా పోతుంది. అదే కాగితం ముక్క మీద చుక్క పెట్టి చూడండి. చుట్టూ అగ్గిపుల్ల మందం దాటి పాకితే మళ్ళీ గుడ్డకి ఆనించండి.

రెండోది వేగం. కుంచె ఆగిన ప్రతి చోటా కాగితం తాగుతూనే ఉంటుంది. 30 సెంటీమీటర్ల ఆకుకి రెండు సెకన్లు చాలు. మణికట్టుతో గీస్తే అంత పొడుగు రాదు. మోచెయ్యి బల్ల మీదనుంచి లేపి, భుజం నుంచి కదపాలి.

పాతకంబళి
కాగితం కింద ఏం పరిచారు? ఏ ఇంకు వాడుతున్నారు? కుంచె ఏ వెంట్రుక? ఇవి తెలీకుండా మందు రాస్తే ఎలా.

చిత్తుకాగితం
కింద న్యూస్‌పేపర్, నాలుగు మడతలు. ఇంకు సీసాది, వాటర్‌ప్రూఫ్ అని రాసుంది. కుంచె 'తోడేలు వెంట్రుక' అన్నారు.

పాతకంబళి
మూడింట్లో రెండు తప్పులు. న్యూస్‌పేపర్ తడిసి ష్వాన్‌కి అతుక్కుంటుంది, కింద చేరిన తడి మళ్ళీ పైకొచ్చి పక్కలకి పాకుతుంది, పైగా అచ్చు మసి అంటుతుంది. 3–4 మిల్లీమీటర్ల ఉన్ని ఫెల్ట్ పరవాలి. దొరక్కపోతే పాత కంబళి, మడత పడకుండా సాపుగా.

తోడేలు వెంట్రుక పర్లేదు. అది తోడేలుదేం కాదు, ముంగిసలా ఉండే వీజల్ అనే జంతువు తోక వెంట్రుక. పేరే అలా వచ్చింది. బిరుసుగా ఉంటుంది, ఆర్కిడ్ ఆకుకి అదే కావాలి.

నల్లసిరా
ఆ వాటర్‌ప్రూఫ్ ఇంకు మాత్రం ఈ కుంచెకి తాకించకండి. ఆ రకాల్లో చాలావాటిలో లక్క కలుపుతారు. లక్క కుదుర్లో ఎండితే నీళ్ళకి వదలదు, నెలలో కుంచె చీపురులా విచ్చుకుంటుంది. పల్చన చేస్తే పలకలు పలకలుగా విరుగుతుంది తప్ప మెత్తటి బూడిద రంగు రాదు. ఈ చిత్రాల్లో ఉన్నదంతా ఆ బూడిద రంగుల్లోనే. కాలినంత నలుపు, చిక్కన, మధ్య, లేత, నీళ్ళలాంటిది అని ఇంకుని అయిదు మెట్లుగా చూస్తారు. పువ్వు ఆఖరి రెండు మెట్లలో ఉంటుంది.

చిత్తుకాగితం
అయితే ఇంకు కడ్డీ, రాయి కొనాల్సిందేనా? చైనా సీసా ఇంకు చాలదా?

వెదురుపుల్ల
సాధనకి చైనా సీసా ఇంకు చాలు. ఆకులకి దానికీ కడ్డీకీ పెద్ద తేడా తెలీదు.

నల్లసిరా
ఆకులకి తెలీదు, పువ్వుకి తెలుస్తుంది. సీసా ఇంకు లేతగా చేస్తే చప్పగా, ఒకే బూడిదగా ఉంటుంది. కడ్డీ ఇంకు లేత చేసినా లోపల వెలుగు ఉంటుంది. అదీ నూనె దీపపు మసి కడ్డీ అయితేనే. పైన్ మసి కడ్డీ మెరుపు లేకుండా కాస్త నీలం పట్టి వస్తుంది, పూలకి నేను సిఫార్సు చెయ్యను.

అరగదీయడం మనవాళ్ళకి ఒకరు నేర్పక్కర్లేదు, సాన మీద గంధం తీసినట్టే. అర చెంచా శుభ్రమైన నీళ్ళు, కడ్డీ నిటారుగా, ఒత్తిడి గట్టిగా, కదలిక నెమ్మదిగా. 10–15 నిమిషాలు పడుతుంది. కడ్డీ వెళ్ళిన దారి ఒక క్షణం తెరుచుకుని ఉండి తర్వాత మూసుకుంటే అయినట్టు. తొందరపడి రుద్దితే నురగ వస్తుంది, ఇంకు బరకగా దిగుతుంది. అయ్యాక కడ్డీని రాయి మీద వదిలేయొద్దు. అందులో ఉన్నది జంతువుల జిగురు, రాయికి అతుక్కుపోయి లాగితే రాయి పొర ఊడొస్తుంది.

సగంగీత
అయితే దేవుడి గదిలో సానరాయి వాడుకోవచ్చన్నమాట.

నల్లసిరా
వద్దు. దాని గరుకు ఎక్కువ, కడ్డీని ముక్కలు ముక్కలుగా గీకుతుంది. ఇంట్లో గొడవ అదనం.

గోదారిగట్టు
అందరూ ఒకటి మర్చిపోతున్నారు. కొత్తవాళ్ళకి అసలు పచ్చి కాగితం ఎందుకు? వండినదో, సగం వండినదో తీసుకుంటే పాకడం ఉండదు, ఆకారం మీద దృష్టి పెట్టొచ్చు. అలవాటయ్యాక పచ్చిదానికి రావచ్చు.

వెదురుపుల్ల
ఒప్పుకోను. వండిన కాగితం మీద నెమ్మదిగా గీసే అలవాటు పడుతుంది. ఆ చెయ్యి పచ్చి కాగితం మీదికి వచ్చాక మళ్ళీ మొదటికే. పైగా సంప్రదాయం అంటే పచ్చి ష్వాన్.

గోదారిగట్టు
సంప్రదాయం సంగతి అంత తేలిగ్గా తేల్చేయకండి. సోంగ్ రాజవంశం కాలపు పూల బొమ్మలు చాలావరకు పట్టు మీద, లేదా అంతగా పీల్చని కాగితం మీద వేసినవే. పచ్చి కాగితం మీద పాకడాన్నే అందంగా మార్చుకోవడం ఆ తర్వాతి మింగ్, చింగ్ రాజవంశాల కాలాల్లో గట్టిపడింది. ఆ దారిలో పెద్ద పేరు షు వెయ్ అనే చిత్రకారుడిది (1521–1593). ఆయన కూడా ఇంకులో జిగురు నీళ్ళు కలిపి పాకుడుని అదుపు చేశాడని చెబుతారు. అంటే ఆయనకీ ఆ బాధ ఉన్నట్టే కదా!

వెదురుపుల్ల
ఆ మాట నిజమే, ఒప్పుకుంటున్నా. లేత ఇంకులో ఒకటి రెండు చుక్కల పల్చటి జిగురు వేస్తే పాకడం తగ్గి అంచు దగ్గర సన్నగా గీత కట్టినట్టు నిలుస్తుంది. ఎక్కువైతే కుంచె జారుతుంది, ఎండాక మెరుస్తుంది. కానీ ఇంట్లో కాగితానికి పటిక పట్టించే ప్రయోగాలు మాత్రం వద్దు. పటిక ఎక్కువైతే కొన్నేళ్ళకి కాగితం అప్పడంలా విరుగుతుంది.

మందారమొగ్గ
దీన్ని 'రైస్ పేపర్' అంటారు కదా, బియ్యంతో చేస్తారా?

పాతకంబళి
బియ్యం లేదు, వరిగడ్డి ఉంటుంది. చైనాలో అన్‌హుయ్ రాష్ట్రంలోని జింగ్‌షియన్ దగ్గర చింగ్‌తాన్ అనే చెట్టు బెరడు పీచూ, వరిగడ్డి పీచూ కలిపి తీస్తారు. బెరడు పాలు పెరిగితే గట్టిదనం, గడ్డి పాలు పెరిగితే మెత్తదనం. 2009లో యునెస్కో ఈ పనితనాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. సాధనకి అసలు ష్వాన్ కూడా అక్కర్లేదు, వెదురు గుజ్జుతో చేసిన పసుపు రంగు మావ్‌బియన్ కాగితం చవక, పాకడం కూడా కాస్త తక్కువ.

నల్లసిరా
ఇక ఆకుల వరస. తడి సర్దుకున్నా వరస తెలీకపోతే గడ్డిదుబ్బే వస్తుంది.

మొదటి ఆకు అన్నిటికన్నా పొడుగు, ఒకవైపు వంగాలి. మొన వెనక్కి తిప్పి మొదలెడితే కుదురు మేకు తలలా ఉంటుంది. మధ్యలో ఒత్తితే గొల్లభామ పొట్టలా ఉబ్బుతుంది. చివర లేపేస్తే ఎలుక తోక. ఈ పోలికలన్నీ చైనావాళ్ళవే. రెండో ఆకు మొదటిదాన్ని కింద దగ్గర దాటాలి, రెండింటి మధ్యా బాదంకాయ ఆకారంలో ఖాళీ మిగలాలి. దాన్ని 'ఫీనిక్స్ కన్ను' అంటారు. మూడోది ఆ కంటిలోంచి దూసుకెళ్ళాలి, 'కన్ను పగలగొట్టడం' అన్నమాట. మూడూ ఒకే చుక్క దగ్గర కలిశాయా, చక్రం ఆకులు వచ్చేస్తాయి. మిగతావి పొట్టివి, రెండో మూడో, వేర్వేరు పొడవుల్లో. దుబ్బు మొదట్లో చేప తలలా చిన్న పొరలు రెండు.

ఆకు మెలి తిరిగే చోట కుంచెని పైకి లేపుతారు, గీత సన్నబడుతుంది, ఒక్కోసారి తెగిపోతుంది కూడా. తెగినా చెయ్యి ఆగకూడదు, గాల్లో అదే దారిలో వెళ్ళి మళ్ళీ దిగాలి. ఆగి, చూసుకుని, అతికితే విరిగిన చీపురుపుల్లలా కనబడుతుంది.

వేసిన ఆకు మీద మళ్ళీ కుంచె పెట్టడం మాత్రం ఎప్పుడూ వద్దు. ఒక్కసారి దిద్దారంటే అక్కడ పీచు లేచిపోతుంది.

సగంగీత
వంకాయ కూర లాంటిదన్నమాట, కలిపేకొద్దీ చితుకుతుంది.

గోదారిగట్టు
పువ్వు గురించి. ఆకు చిక్కన, పువ్వు లేత, ఇది మారదు. రేకు లేత ఇంకుతో, మొనకి మాత్రం కాస్త మధ్యరకం. బయటి కొసనుంచి మొదలెట్టి మధ్యకి లాగుతూ లేపాలి. ముందు మధ్యలో ఉండే రెండు చిన్న రేకులు, ఒకదానివైపు ఒకటి ఒరిగినట్టు. తర్వాత బయటి మూడు. అయిదింటికీ ఒక్కసారే ఇంకు తీసుకోవాలి. మొదటివి కాస్త ముదురు, చివరివి లేత, ఆ తేడాయే పువ్వుకి లోతు.

చిత్తుకాగితం గారి మరకకి కారణం రేకుకీ రేకుకీ మధ్య సందు లేకపోవడం. పచ్చి కాగితం ఎలాగూ పాకుతుంది, కాబట్టి ఆ మేరకి ఖాళీ ముందే వదిలెయ్యాలి. తడి మీద తడి తాకితే అయిదు రేకులూ ఒకే చెరువు.

వెదురుపుల్ల
నేనైతే మధ్యనుంచి బయటికి లాగమంటాను. కొస సన్నగా వస్తుంది.

గోదారిగట్టు
రెండూ ఉన్నాయి. బయటినుంచి లోపలికైతే రేకు కొస గుండ్రం, లోపలినుంచి బయటికైతే కొస వాడి. ఒకే పువ్వులో రెండూ కలపకపోతే చాలు.

మందారమొగ్గ
పూలకొట్లో ఆర్కిడ్ చూసి వేద్దామనుకున్నా, అసలు ఆకులే ఇలా లేవు. ఇక్కడ చెప్పేది వేరే మొక్కా?

నల్లసిరా
పూర్తిగా వేరు. కొట్లో బొకేల్లో కట్టేది ఎక్కువగా డెండ్రోబియం. చైనా చిత్రాల 'లాన్' సింబిడియం జాతిది, గడ్డిలాంటి సన్నటి పొడుగాకులు, చిన్న పువ్వు, పెద్ద వాసన. కాడకి ఒకే పువ్వుంటే లాన్, అయిదారు వరసగా ఉంటే హుయ్ అని పాతకాలం నుంచీ లెక్క. హుయ్ వేసేటప్పుడు పైవి మొగ్గలు, కిందివి విచ్చుకున్నవి. తలకిందులు చెయ్యకండి.

తూడు
ఈ ఆర్కిడ్‌లో పెద్ద పేరున్నది జెంగ్ సిషావ్ 1306లో వేసినది, ఇప్పుడు జపాన్‌లో ఒసాకా మ్యూజియంలో ఉంది. చిన్న దుబ్బు, కొన్ని ఆకులు, కింద నేల లేదు, వేర్లు లేవు. 1279లో సోంగ్ రాజ్యం మంగోలుల చేతిలో పడిపోయాక, నేల పరాయివాళ్ళు పట్టుకుపోయారు కాబట్టి మట్టి వెయ్యను అన్నట్టు దాన్ని చదువుతారు. మీరు మట్టి వెయ్యకపోతే మాత్రం మర్చిపోయారంటారు, అది వేరే విషయం.

చిత్తుకాగితం
కంబళి పరిచాను, చైనా సీసా ఇంకు తెచ్చాను, కుదురు దగ్గర గుడ్డ ఆనిస్తున్నాను. ఆకు నిలబడింది! రేకులు కూడా విడివిడిగా వచ్చాయి. ఇప్పుడు పువ్వు మధ్యలో పెట్టే నల్ల చుక్కలు పాకి కాటుక చెదిరినట్టు అవుతున్నాయి.

గోదారిగట్టు
తొందరపడ్డారు. రేకులు తడిగా ఉండగా పెడితే చెదురుతుంది. పూర్తిగా ఎండాక పెడితే పైన ఆవగింజ అంటించినట్టు విడిగా కనబడుతుంది. కాగితం మెరుపు పోయి, వేలి వెనకవైపు తాకిస్తే ఇంకా చల్లగా తెలుస్తుంది చూడండి, అప్పుడు. ఇంకు కాలినంత నలుపు, కుంచెలో నీరు దాదాపు సున్నా. మూడే చుక్కలు, చైనా లిపిలో 'హృదయం' అనే అక్షరంలో చుక్కల్లా. నాలుగోది పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి.

మందారమొగ్గ
ప్లం పువ్వు గురించి కూడా ఎవరైనా చెప్పండి. గుండ్రాలు గీస్తుంటే జంతికలు వస్తున్నాయి.

సగంగీత
ప్లం అంటే ఆల్‌బుకరాయేనా?

నల్లసిరా
కాదు. 'మెయ్' అనే ఈ చెట్టు ఆప్రికాట్‌కి దగ్గర చుట్టం. చలికాలం చివర్లో, ఒక్క ఆకు లేకుండా, ఒట్టి కొమ్మ మీద పూస్తుంది. మెయ్ పూల పక్కన ఆకులు వేస్తే తెలిసినవాళ్ళు నవ్వుతారు. రేకు కొస గుండ్రం. వాడిగా చేశారంటే పీచ్ అయిపోతుంది.

వెదురుపుల్ల
జంతికకి కారణం రేకుని ఒకే గుండ్రంగా తిప్పడం. రేకుకి రెండు గీతలు, ఎడమ సగం, కుడి సగం. పైన కలుస్తాయి, పువ్వు మధ్యవైపు కలవకుండా వదిలేస్తాం. కుంచె నిటారుగా, లేత ఇంకు, చిన్న బిరుసు కుంచె. ఒత్తిడి మధ్యలో కాస్త పెరిగి తగ్గాలి, తీగ వంచినట్టు ఒకే మందంలో ఉండకూడదు. అన్నీ ఎదురుగా చూసే పూలు వెయ్యొద్దు. పక్కకి తిరిగినదాంట్లో మూడు రేకులే పూర్తిగా కనబడతాయి, గుండ్రం కాస్తా కోడిగుడ్డు అవుతుంది. వెనక్కి తిరిగినదాంట్లో కేసరాలుండవు, తొడిమ చుక్కలే. కేసరాలు మధ్యనుంచి బయటికి విదిలించినట్టు, ఏడెనిమిది. కొసల్లో చుక్కలు గీతకి సరిగ్గా అంటనక్కర్లేదు. అంటితే అగ్గిపుల్లల కట్ట.

పూలకన్నా ముందు కొమ్మలు. ముసలి మొద్దు ఎండు కుంచెతో, పక్కకి వాల్చి, మధ్యమధ్య తెల్లటి చీలికలు మిగిలేలా. పూలు వచ్చే చోట కొమ్మని తెంపి ఖాళీ వదలాలి. నిండా గీసేసి దానిమీద పువ్వు వేస్తే కొమ్మ రేకుల్లోంచి కనబడుతుంది, తెల్లరంగుతో కప్పడం ఇక్కడ లేదు. రెండు రెమ్మలు గుణకారం గుర్తులా దాటకూడదు. మూడో రెమ్మ వచ్చి ఆ దాటుని ఎగుడుదిగుడు త్రికోణం చెయ్యాలి.

తూడు
గీతతో రేకు వెయ్యడం యాంగ్ వూజ్యూ (1097–1169) పేరుతో చెబుతారు. అంతకుముందు జోంగ్‌రెన్ అనే బౌద్ధ భిక్షువు రేకుల్ని ఇంకు మరకలుగా అద్దేవాడట. యాంగ్ 1165లో వేసిన నాలుగు మెయ్ చిత్రాలు బీజింగ్ ప్యాలెస్ మ్యూజియంలో ఉన్నాయి: విచ్చుకోనివి, విచ్చుకోబోయేవి, నిండుగా విచ్చుకున్నవి, రాలబోయేవి. మొగ్గ నుంచి రాలడం దాకా రేకు ఎలా మారుతుందో ఒకేచోట దొరుకుతుంది. కాపీ చెయ్యడానికి అంతకన్నా మంచిది లేదు.

గోదారిగట్టు
మెయ్‌కి నాలుగు విలువలు చెబుతారు. పల్చన, గుబురు కాదు. ముసలిది, లేతది కాదు. బక్కది, బొద్దుది కాదు. మొగ్గ, విచ్చుకున్నది కాదు. కొత్తవాళ్ళు వీటిలో మొదటిది పట్టుకుంటే చాలు, పూలు తగ్గించండి.

తూడు
మరి వాంగ్ మియాన్ సంగతి? 1359లో పోయాడు, కొమ్మ నిండా వందల పూలు వేసి మెప్పించాడు. నియమం ప్రకారం ఫెయిల్.

గోదారిగట్టు
ఆయన కొమ్మ ఒక్క ఊపులో అటునుంచి ఇటు విల్లులా వెళుతుంది, దానివల్ల ఆ గుబురు నిలబడింది. ఆ కొమ్మ మీ చేత్తో వస్తే వందేం ఖర్మ, వెయ్యి వెయ్యండి.

మందారమొగ్గ
🙏 పది పూలతో సరిపెట్టుకుంటా.

సగంగీత
తామర ఎవరూ ఎత్తలేదేం? తూడు గారి పేరుకైనా.

తూడు
తెలుగువాళ్ళం తామర వేసేటప్పుడు చేసే తప్పు ఒకటుంది, కలువాకు తెచ్చి తామరకి పెట్టేస్తాం. చీలిక ఉండి నీటి మీద పరుచుకునేది కలువాకు. తామరాకు గుండ్రం, చీలిక ఉండదు, కాడ మధ్యలో కలుస్తుంది, నీటి పైకి గొడుగులా లేస్తుంది. కలువ కాడ నున్నన, తామర కాడకి గరుకు ముళ్ళు. ఆ ముళ్ళకే చివర్లో కాడ రెండంచులా ఎండు కుంచెతో చుక్కలు పెడతారు, ఎడాపెడా, సమదూరం లేకుండా.

ముందు పువ్వు లేత గీతలతో. తర్వాత పెద్ద మేకవెంట్రుక కుంచెతో ఆకు, నాలుగైదు పెద్ద దెబ్బల్లో, మధ్యలో తెల్లటి దారులు వదులుతూ. ఆ లేత ఇంకు తడిగా ఉండగానే చిక్కటి ఇంకు అక్కడక్కడా దించాలి, ఇక్కడ పాకడమే మనకి కావాల్సింది. ఈనెలు సగం ఆరాక. కాడ ఒక్క ఊపిరిలో, కాస్త ఎండు కుంచెతో. బాదా షాన్‌రెన్ (1626–1705) తామరలు చూస్తే సగం బొమ్మ కాడలే ఉంటాయి.

పాతకంబళి
రంగుల్లోకి వెళ్ళేవాళ్ళకి ఒక హెచ్చరిక. కుంచె మొన పెదాలతో సరిచేసే అలవాటుంటే మానుకోండి. ఆకుపచ్చ కోసం నీలితో కలిపే తెంగ్‌హువాంగ్ అనే పసుపు విషం, చెట్టు జిగురే అయినా గట్టిగా విరేచనాలు పట్టిస్తుంది.

చిత్తుకాగితం
చివరి ప్రశ్న. ఆరాక కాగితం మొత్తం ముడతలు. ఇస్త్రీ చెయ్యొచ్చా?

పాతకంబళి
వెనకవైపు నుంచి, తక్కువ వేడిలో, పైన ఉత్త కాగితం వేసి చెయ్యొచ్చు, తాత్కాలికంగా. అసలు పద్ధతి వెనక ఇంకో కాగితాన్ని పల్చటి గోధుమ పిండి జిగురుతో అతికి, బల్ల మీద బిగించి ఆరబెట్టడం. సీసా ఇంకుతో వేసినవి ఆ తడికి ఒక్కోసారి వదులుతాయి. కాబట్టి బొమ్మ వేసి కనీసం వారం ఆగి, ఒక మూల తడి దూదితో అద్ది, నలుపు అంటలేదని చూసుకుని మొదలెట్టండి.

చిత్తుకాగితం
సరే. పాడైన 40 షీట్లు పారేస్తున్నా.

వెదురుపుల్ల
పారేయకండి! నాలుగు వేళ్ళ వెడల్పు పట్టీలుగా కోసి పెట్టుకోండి. ఇంకు పరీక్ష అదే కాగితం మీద, నునుపు వైపునే చెయ్యాలి. ఇంకో రకం మీద చూసుకుంటే ఎంత పాకుతుందో తెలీదు.

సగంగీత
నునుపు వైపు అనా? ఇన్నాళ్ళూ గరుకు వైపు వేస్తున్నా నేను.